వార్డులో పక్కన నిలబడేదెవరు?

పత్తికీ మిరపకూ పురుగుమందు కొట్టే రోజుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ఆసుపత్రుల్లో ఎదురయ్యే కేసు ఆర్గానోఫాస్ఫేట్ విషం. ఒళ్లంతా చెమటలు, నోట్లో చొంగ, సూదిమొనలంత కంటిపాపలు, ఛాతీలో గరగర. దీనికి వాడే ప్రధానమైన మందు అట్రోపిన్. అది ఎంత ఇవ్వాలో ముందే ఒక అంకె చెప్పలేం. కొన్ని నిమిషాలకోసారి ఛాతీ విని, నాడి చూసి, గరగర తగ్గేదాకా డోసు పెంచుతూ పోవాలి. మోతాదు మించితే జ్వరం, గుండెదడ, కలవరింతలు. ఎక్కడ ఆపాలో పక్కన నిలబడి చూపించే మనిషి లేనిదే ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) విద్యార్థికి తెలిసిరాదు.

2008 నిబంధనల ప్రకారం ఫార్మ్‌డీ ఆరేళ్ల కోర్సు. చివరి ఏడాదంతా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్: ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మిగతా ఆరు నెలలు మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు. ఒక కాలేజీకి 30 సీట్లు, బీఫార్మసీ చేసి వచ్చేవాళ్లకు ఇంకో 10. లెక్క వేసి చూడండి. సీట్లన్నీ నిండితే ఏ రోజు చూసినా ఇరవై మంది దాకా ఇంటర్న్‌లు మెడిసిన్ వార్డుల్లోనే ఉంటారు. రౌండ్స్‌లో డాక్టరు రోగులను చూసుకోవాలి, పీజీలకు చెప్పాలి. ఈ ఇరవై మంది రాసిన కేస్‌షీట్లు దిద్దే తీరిక ఆయనకు ఎక్కడిది?

మన దగ్గర ఫార్మసిస్టుకు మందు రాసే హక్కు లేదు. బ్రిటన్‌లో 2026 నుంచి శిక్షణ ముగించుకుని కొత్తగా రిజిస్టరయ్యేవాళ్లకు ఆ హక్కు మొదటి రోజు నుంచే ఉండేలా చదువును మార్చారు. అందుకోసం ట్రైనీ కనీసం 90 గంటలు, మందులు రాయడంలో అనుభవమున్న ఒక పర్యవేక్షకుడి కింద పనిచేయాలి. దాంతో అలాంటి పర్యవేక్షకులు సరిపడా దొరుకుతారా అన్నదే అక్కడ పెద్ద ప్రశ్నయింది. హక్కు ఇవ్వడానికి చట్టం మారిస్తే చాలు. నేర్పేవాళ్లు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది.

మనకు ఆ హక్కు రాకముందే పక్కన నిలబడి నేర్పేవాళ్ల ఏర్పాటు కావాలి. మందు రాయకపోయినా, డోసు తప్పును పట్టుకోవడం కూడా ప్రాణం కాపాడే పనే. కాలేజీకి అనుబంధ ఆసుపత్రిలో కనీసం 300 పడకలుండాలని నిబంధన అడుగుతోంది. ఏ వార్డులో ఎవరు నేర్పుతున్నారు, రోజుకు ఎన్ని గంటలు అక్కడ ఉంటున్నారు, ఒక్కొక్కరి కింద ఎందరున్నారు అనే లెక్క కూడా తనిఖీలో అంతే గట్టిగా అడగాలి. ప్రభుత్వాసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు పెట్టి, అనుభవమున్న ఫార్మ్‌డీలను వాటిలో నియమించాలి. బోధన వాళ్ల ఉద్యోగంలో భాగం కావాలి. ఆ తర్వాతే సీట్లు పెంచే మాట ఎత్తాలి.