అల్యూమినియంకు ఆక్సైడ్ కవచం - ఆంపియర్ల అదుపు

సత్తుగిన్నె ఇనుములా తుప్పు పట్టదు, ఎందుచేత? గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండని ఆ పొరను విద్యుత్తుతో వేల రెట్లు దళసరి చేయడమే ఆనోడైజింగ్. 1923లో బ్రిటన్‌లో బెంగాఫ్, స్టూవర్ట్ అనే వారు సముద్రపు విమానాల భాగాలు ఉప్పునీటికి చెడకుండా క్రోమిక్ ఆమ్లంతో ఈ పని చేశారు. 1927లో సల్ఫ్యూరిక్ ఆమ్ల పద్ధతి వచ్చింది. ఇళ్లలో ప్రయత్నించేవారు వాడేది ఎక్కువగా ఇదే.

వస్తువును ధనధ్రువానికి, సీసపు రేకును ఋణధ్రువానికి కలిపి, 15 నుంచి 20 శాతం ఆమ్లంలో ముంచి డి.సి. కరెంటు పంపాలి. ఇంతవరకు తేలికే. చిక్కంతా ఆంపియర్ల దగ్గరే!

కిందటి సెలవుల్లో ఒక చిన్న రేకును బ్యాటరీ చార్జరుకు నేరుగా తగిలించాను. కాసేపటికి ఆమ్లం వేడెక్కింది. రేకును తీసి రుద్దితే సుద్దలా తెల్లపొడి రాలింది. కారణమేమిటంటే, కరెంటు పొరను పెంచుతుంటే ఆమ్లం దాన్ని కరిగిస్తూ ఉంటుంది. ఆంపియర్లు మితిమీరితే వేడి పెరిగి కరగడం ఎక్కువవుతుంది. అందుకే ఆమ్లాన్ని 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉంచాలి.

ముందు వైశాల్యం లెక్క కట్టాలి. చదరపు డెసిమీటరుకు 1.2 నుంచి 1.5 ఆంపియర్లు సరిపోతాయి. 10 సెంటీమీటర్ల చదరపు రేకుకు రెండు వైపులా కలిపి 2 చదరపు డెసిమీటర్లు. అంటే 2.5 ఆంపియర్లు. 10 మైక్రాన్ల పొరకు సుమారు 25 నిమిషాలు పడుతుంది.

వోల్టులు స్థిరంగా ఉంచితే చాలదా? చాలదు. తూము అలాగే ఉన్నా, కాలువలో పూడిక పడేకొద్దీ చేలోకి వచ్చే నీరు తగ్గుతుంది కదా! అలాగే పొర పెరిగేకొద్దీ నిరోధం పెరిగి కరెంటు పడిపోతుంది. కనుక ఆంపియర్లను స్థిరంగా ఉంచి, వోల్టులను పెరగనివ్వాలి.

ఇందుకు అమ్మీటరు, రియోస్టాట్ వరుసలో కలిపి సరిచేస్తూ ఉండవచ్చు. చిన్న వస్తువైతే ఎల్.ఎం.317 ఐ.సి.కి 1 ఓమ్ నిరోధకం కలిపితే కరెంటు 1.25 ఆంపియర్ల దగ్గర నిలుస్తుంది. ఐ.సి.కి హీట్‌సింక్ తప్పనిసరి.

జాగ్రత్తలు మరవకూడదు. నీటిలోనే ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీరు పోయరాదు. ఋణధ్రువం వద్ద హైడ్రోజన్ వస్తుంది గనుక దగ్గర్లో నిప్పు ఉండరాదు, గాలి ఆడాలి. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఇంటి మెయిన్సుకు నేరుగా కలిపితే ప్రాణానికే ముప్పు.

రెండోసారి రేకును స్కేలుతో కొలిచాకే స్విచ్ వేశాను. ఈసారి పొడి రాలలేదు.