చెవుడు వయసుదేనా? చక్కెర జబ్బు పనా?

పెద్దవాళ్లకు వినపడకపోతే 'వయసు మీద పడింది' అని, పొలం గట్టు మీద తూలిపడితే 'నీరసం' అని సరిపెట్టుకోవడం పల్లెల్లో పరిపాటి. ఆ మనిషికి చక్కెర జబ్బు ఉంటే మాత్రం ఈ రెంటికీ ఆ జబ్బే కారణం కావచ్చు.

శబ్దాన్ని పట్టే నత్తగుల్ల వంటి భాగం, ఒంటిని నిలకడగా ఉంచే మూడు సన్నని గొట్టాలు లోపలి చెవిలో పక్కపక్కనే ఉంటాయి. వీటికి నెత్తురు అందేది అతి సన్నని నాళాల ద్వారా. చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఆ నాళాలు, నరాలు దెబ్బతింటాయి. కంటికి, మూత్రపిండాలకు జరిగే నష్టమే చెవికీ జరుగుతుందన్నమాట. చక్కెర జబ్బు ఉన్నవారిలో వినికిడి లోపం లేనివారి కంటే సుమారు రెట్టింపు అని 2008లో అమెరికాలో వెలువడిన పరిశీలన తేల్చింది. మన దేశంలో ఈ జబ్బు ఉన్నవారు 10 కోట్లకు పైమాటేనని 2023లో ప్రకటించారు.

మూడు రాళ్ల పొయ్యి

మనిషి నిలకడ మూడు రాళ్ల పొయ్యి వంటిది. చెవి, కన్ను, అరికాలి స్పర్శ, ఈ మూడూ దానికి ఆధారం. చక్కెర జబ్బు మూడింటినీ దెబ్బతీయగలదు. అరికాళ్లు మొద్దుబారినవారు రాత్రివేళ దీపం లేకుండా దొడ్లోకి వెళ్తే పడేది అందుకే. తుంటి ఎముక విరిగితే మంచం పట్టవలసి వస్తుంది.

గుర్తించడం ఎలా?

నలుగురిలో మాటలు తెలియకపోవడం, చెవిలో హోరు, టీవీ శబ్దం పెంచమనడం తొలి గుర్తులు. మాత్రలో, ఇన్సులినో వాడేవారికి చెమటలు పట్టి, వణుకుతో కళ్లు తిరిగితే చక్కెర పడిపోయి ఉండవచ్చు. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగించాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా 108కి ఫోను చేయాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే ఆ రోజే వైద్యునికి చూపాలి.

చెవిలో కాచిన నూనె, ఆకు పసరు పోయడం, పుల్లతో గెలకడం వీరికి మరీ ప్రమాదం. చిన్న పుండు కూడా ఎముక దాకా పాకవచ్చు.

నరం దెబ్బతిని పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. చక్కెర, రక్తపోటు అదుపులో ఉంచుకోవాలి, పొగ మానాలి. కంటి పరీక్షతోపాటు చెవి పరీక్ష కూడా చేయించమని వైద్యుణ్ణి అడగాలి. వినికిడి యంత్రం పెట్టుకోవడం నామోషీ కాదు. ఇంట్లోవాళ్లు కూడా పెద్దాయనను 'చెవిటివాడు' అని విసుక్కోకుండా ఒకసారి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.