కొంగుముడి

కొంగున ముడి వేసికొనుట మన యిండ్లలో ప్రాతవాడుక. సంతనుండి తేవలసిన వస్తువో, పొరుగింట చెప్పవలసిన మాటయో మరవకుండుటకై తల్లులు చీరచెంగున ముడి వేసెదరు. ముడి చేతికి తగులగనే పని జ్ఞప్తికి వచ్చును. ఉప్పు పప్పులకై యింత జాగ్రత్త వహించు మనము, మంచిమాటకు మాత్రము ముడి యక్కఱలేదని తలచుచున్నాము. ఇంటిలో మన మాడు పరుషవాక్యములు తరచుగ ద్వేషమువలన గాదు, తొందరలో మైమరచుటవలననే పుట్టును.

ఈ సంగతిని పెద్దలు ముందే గ్రహించిరి. క్రీ. శ. 161 మొదలు 180 వఱకు రోము సామ్రాజ్యము నేలిన మార్కస్ అరీలియస్ తనకొఱకే గ్రీకుభాషలో హెచ్చరికలు వ్రాసికొనెను. నేడు కృతఘ్నులును గర్విష్ఠులును ఎదురగుదురనియు, వారును తనకు బంధువులే గాన కోపింపరాదనియు ఉదయముననే తలచుకొనవలెనని వానిలో నొకటి.

అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణములను చిన్న పుస్తకమున వ్రాసి, దినమున కొక గడి చొప్పున గీతలు గీచి, తప్పినచోట నల్లచుక్క పెట్టెడివాడు. వారమున కొక్క గుణముపైననే ప్రత్యేకశ్రద్ధ. ఏటికి నాలుగు ఆవృత్తులు. వినయము మొదట నా పట్టికలో లేదు. గర్విష్ఠివని మిత్రుడు చెప్పగా పిదప చేర్చెను. పరిపూర్ణత సిద్ధింపకపోయినను ఈ యత్నముచే మేలే కలిగినదని స్వీయచరిత్రమున నొప్పుకొనెను.

1999లో మనస్తత్వశాస్త్రజ్ఞుడు పీటర్ గోల్‌విట్జర్ ప్రకటించిన వ్యాస మొకటి యీ విషయమునే విశదపఱచినది. “మంచిగ నుందును” అను సంకల్పముకంటె, “ఫలాని సందర్భమున ఫలాని పని చేయుదును” అను సంకల్పము నెఱవేరుట కవకాశ మెక్కువ. అప్పుడు సందర్భమే ముడియై జ్ఞప్తి చేయును.

కావున మన ముళ్లును ఇట్లే యుండవలెను. పిల్లవాడు పాలు ఒలుకబోసినచో ముందు గుడ్డ యందుకొందము, పిమ్మట మాటలాడుదము. గుమ్మమున చెప్పులు విడుచునపుడు బయటి విసుగును గూడ నచటనే విడుతము. దీపము పెట్టువేళ, ఆ దినమున మనకు సాయపడినవా రొక్కరిని తలచుకొందము. గోడకు అంటించిన హితవాక్యము కొన్నాళ్లకు గోడలోనే కలిసిపోవును. కనుక వారమున కొకపరి మార్చుట మేలు.

చుక్క పడిన దినమున నిరాశ వలదు. మఱునాటి గడి ఖాళీగనే యున్నది. ఒక్క నియమము మాత్రము మరవరాదు: ఈ ముడి మన కొంగుననే వేసికొందము గాని, ఇంటిలోని యితరుల కొంగున వేయబోకుందము.