ఆరేళ్లు ఉండేది అమ్మాయే కదా!

పదో తరగతి మార్కులు రాగానే మా ఇంట్లో గొడవ మొదలైంది. ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టడం సరే, ఏ క్యాంపస్ ముందు రాయాలి?

2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు క్యాంపస్‌లున్నాయి. నూజివీడు, ఇడుపులపాయ మొదటివి. ఒంగోలు, శ్రీకాకుళం 2016లో వచ్చాయి. బాసర తెలంగాణ వాళ్లది. పదో తరగతి మార్కుల మీదే సీటు. పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, అంతా హాస్టల్లోనే.

మాది విజయనగరం. "శ్రీకాకుళమే రాయండి. పిల్లకి ఒంట్లో బాగోకపోతే పూటలో వెళ్లి రావచ్చు" అన్నారు అత్తగారు. మావారిదీ అదే మాట. "నాకు నూజివీడు కావాలి" అంది మా అమ్మాయి. ఎందుకే అంటే, పాత క్యాంపస్, దారి చెప్పే సీనియర్లు ఎక్కువమంది ఉంటారంది.

పక్కింటమ్మాయి నూజివీడులోనే చదువుతోంది. సెలవులకొస్తే అడిగాను. "ఎక్కడ చదివినా పట్టా ఇచ్చేది ఒకే యూనివర్సిటీ పిన్నీ. కావలసిన బ్రాంచి ఉందా, రాత్రిపూట జ్వరమొస్తే ఎవరు చూస్తారు, నీళ్లెలా ఉన్నాయి, అవి కనుక్కోండి" అంది.

నాకు నా సంగతి గుర్తొచ్చింది. వీధి చివరే ఉందని నాన్నగారు చేర్పించిన కాలేజీలో నేను చదవాలనుకున్న తెలుగు సాహిత్యం లేదు. బీకాం చదివాను. ఆ వెలితి ఇప్పటికీ పోలేదు.

మనం దగ్గరా దూరమా అనే చూస్తాం. ఆరేళ్లు అక్కడ ఉండాల్సింది పిల్ల. ఆప్షన్లు ఇచ్చేముందు వీలైతే తనని వెంటబెట్టుకుని క్యాంపస్ చూసి రండి. అక్కడి ఆడపిల్లలతో తననే మాట్లాడనివ్వండి.

మా అమ్మాయి నూజివీడు ముందు రాసింది, శ్రీకాకుళం తర్వాత. అత్తగారు రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, "అక్కడికి రైలుందా?" అని అడిగారు.