చిక్కిపోయిన కప్పు

సింగపూర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. కుండలు చేయడం కొత్తగా నేర్చుకుంటున్నారట. సారె మీద పెద్ద కాఫీ కప్పు చేసి, కాల్చడానికి ఇచ్చారు. తిరిగొచ్చిన కప్పులో మూడింట రెండు వంతుల కాఫీయే పడుతోంది. ‘మిగతా కప్పు ఏమైంది?’ అని అడిగారు. ఇది చదివాక ఈ నెల మరో సంగతి రాయబుద్ధి కాలేదు.

మట్టి రెండుసార్లు చిక్కుతుంది. మొదటిది ఆరేటప్పుడు. బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో వెయ్యో వంతు వెడల్పుండే పలుచని పలకలు. మధ్యలో నీటి పొర ఉండటం వల్ల తడి తమలపాకుల దొంతరలా జారతాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ తలతన్యత వాటిని దగ్గరికి లాగుతుంది. పలకలు ఒకదానికొకటి తగిలాక చిక్కడం ఆగుతుంది. ఆపైన పోయే నీరు సన్నని రంధ్రాలను మిగులుస్తుంది.

రెండోది ఆవంలో. నాకు ప్రాణమైన ఘట్టం ఇదే! 500 సెల్సియస్ డిగ్రీల దగ్గర మొదలై, మట్టి స్ఫటికంలోనే బంధమై ఉన్న నీరు వెళ్లిపోతుంది. ఇక ఆ మట్టి మళ్లీ బురద కాలేదు. అయినా కప్పు పెద్దగా తగ్గదు. 1,000 దాటాక మట్టిలో ఉండే ఖనిజమైన ఫెల్డ్‌స్పార్ కరిగి చిక్కటి గాజు ద్రవమవుతుంది. మళ్లీ తలతన్యతే, ఈసారి గాజుది. రేణువులను దగ్గరికి లాగి, నీరు వదిలిన రంధ్రాలను మూసేస్తుంది. స్టోన్‌వేర్ మట్టి మొత్తం మీద పొడవులో సుమారు 12 శాతం తగ్గుతుంది. ఎత్తూ వెడల్పూ కూడా అంతే. 0.88ని మూడుసార్లు వేసి గుణిస్తే 0.68. పోయిన కప్పంతా నీరూ గాలీ ఉన్న చోటే.

ఈ చిక్కే లెక్కలో పప్పులో కాలేసినవాడు సామాన్యుడు కాదు. ఇంగ్లండులో మట్టిపాత్రలకు పేరుమోసిన జొసయా వెడ్జ్‌వుడ్, చార్లెస్ డార్విన్ తాత. మట్టి బిళ్లలను కొలిమిలో వేసి, ఎంత చిక్కాయో చూసి వేడి చెప్పే పరికరాన్ని 1782లో ప్రకటించాడు. ఆయన లెక్కలో పోత ఇనుము 17,977 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర కరగాలి. సూర్యుడి ఉపరితలం కూడా అంత వేడిగా ఉండదు! నిజానికి 2,200 చాలు. వేడి పెరిగినంత లెక్కగా మట్టి చిక్కుతుందనుకున్నాడు. కానీ గాజు పారడానికి సమయం కూడా కావాలి. అదే వేడిలో ఎక్కువసేపు ఉంచితే కప్పు ఇంకా తగ్గుతుంది. అయినా ఆ పరికరమంటే నాకు గౌరవం. వేడి మట్టి మీద చేసిన పనిని అది కొలిచింది, కుమ్మరికి కావలసిందీ అదే.

సింగపూర్‌లో లోరాంగ్ తవాస్‌లోని థౌ క్వాంగ్ డ్రాగన్ ఆవం చూసి రండి. 1940లో కట్టింది. ఒకప్పుడు అందులో రబ్బరు పాలు పట్టే కప్పులు కాల్చేవారు. ఆ పొడవాటి కట్టెల ఆవంలో వేడి చోటుచోటుకీ మారుతుంది, చిక్కడమూ మారుతుంది.

నేర్పేవాళ్లు చాలామంది ఆవం గురించే చెబుతారు, ఆరబెట్టడం గురించి చెప్పరు. పగుళ్లు ఎక్కువగా అక్కడే పుడతాయి. తేమ ఎక్కువైన సింగపూర్‌లో మట్టి నిదానంగా ఆరడం వరమే. ఏసీ గాలిలో పెడితే అంచు ముందే ఆరి చిక్కుతుంది, అడుగు తడిగానే ఉండి చీలుతుంది. ప్లాస్టిక్ కప్పి ఉంచండి. పది సెంటీమీటర్ల కప్పు కావాలంటే 11.4 చేయండి.