అంచు రంగు దిగితే తప్పెవరిది?

కిందటి శ్రావణంలో మా ఇంట్లో చిన్న రభస జరిగింది. నారాయణగూడలో మా ఇంటికి వచ్చి ఏడాదైనా కాని చిన్నకోడలు, నాకు సాయం చేద్దామని నా గద్వాల చీర తీసుకెళ్ళి సబ్బుపొడి నీళ్ళలో నానబెట్టింది. గంట పోయాక చూద్దును కదా, మీగడరంగు చీరంతా ఎర్రటి మరకలు! మా అమ్మ పెట్టిన ఆఖరి చీర అది. నోరు జారాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరువాత నూలుకు రంగులు వేసే పని తెలిసిన ఒక పెద్దాయన్ను అడిగితే అసలు సంగతి బోధపడింది. అదే ఇవాళ మీకు చెబుతాను.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ పమిటా పట్టు. ఒంటికొక నాడె, రెండంచులకు రెండు నాడెలు. మూడు నాడెలతో నేస్తూ ఒంటి పేకనూ అంచు పేకనూ ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు. అందుకే అంచు రంగు గీత గీసినట్టు విడిగా కనిపిస్తుంది. అదే పడుగు ఎరుపు, పేక ఆకుపచ్చ అయితే దూరానికి గోధుమరంగులా ఉంటుంది. అది రంగు చెడటం కాదు, కలనేత గుణం. చిల్లులున్న బిళ్ళలను తిప్పుతూ సన్నని పట్టీలు నేసే పద్ధతి కూడా ఒకటుంది. నార్వేలో 1904లో తవ్వి తీసిన ఓసెబెర్గ్ ఓడలో అలాంటి నేత బిళ్ళలు దొరికాయి. ఆ నేతలో పేక దాగిపోయి పడుగు రంగులే పైకి కనిపిస్తాయి.

మరి రంగెందుకు దిగుతుంది? పోగు గట్టిగా పట్టుకున్న రంగు అంత తేలిగ్గా దిగదు. పైపైన మిగిలిపోయినదే ముందు దిగుతుంది. రంగు వేశాక నీళ్ళు తేటపడేదాకా పోగును జాడించాలి. అక్కడ తొందరపడితే ఆ ఫలితం మన బకెట్లో కనబడుతుంది. పైగా పట్టుకు వేసే రంగులు చాలామటుకు పులుపు నీళ్ళలో పట్టేవి. సబ్బుపొడిలోని క్షారం, వేడినీళ్ళు తగిలితే వదిలేస్తాయి.

"గుప్పెడు ఉప్పు వేస్తే రంగు నిలుస్తుంది" అంటారు కదూ? రంగు వేసేటప్పుడు నూలుకు రంగెక్కడానికి ఉప్పు సాయపడే మాట నిజమే. కాని ఒకసారి వేసిన రంగును తరువాత బిగించే శక్తి దానికి లేదు.

కొత్త చీర ఉతికే ముందు తెల్లగుడ్డ తడిపి, అంచు లోపలివైపు ఒక నిమిషం నొక్కి చూడండి. రంగంటితే ఇంట్లో ఉతక్కుండా డ్రైక్లీనింగుకు ఇవ్వడం మేలు. అంటకపోయినా మొదటిసారి విడిగా, చన్నీళ్ళలో, నానబెట్టకుండా గబగబా జాడించి తీసేయండి.

అప్పటికే మరకైతే? ఆరనివ్వకండి, ఇస్త్రీ పెట్టకండి. బోలెడు చన్నీళ్ళలో, నీళ్ళు తేటపడేదాకా మార్చి మార్చి జాడించండి. మెలితిప్పి పిండకండి. బ్లీచింగు జోలికి అసలు పోవద్దు, పట్టు చీకిపోతుంది. దండెం మీద వేస్తే పైఅంచు నీళ్ళు ఒంటి మీదికి కారతాయి. అందుకని నీడలో పాత పంచె పరిచి, దాని మీద చీర పరవండి. మడత వేయక తప్పకపోతే మధ్యలో తువ్వాలు పెట్టండి.

ఇంకొక్క మాట. అంచుకు సరిపోయే జాకెట్టు గుడ్డ ట్యూబులైటు కింద తీసుకోకండి. కొట్లో ఒకటిగా కనిపించిన రెండు రంగులు ఎండలో వేరుగా కనిపించవచ్చు. గుమ్మం బయటికి తెచ్చి చూసుకోండి. కొట్టువాడేమనుకుంటాడోనని మొహమాటపడితే నష్టం మనకే.

మా చీర మరకలు చాలావరకు పోయాయి. కుచ్చిళ్ళలో దాగే చోట ఒక గులాబీ మచ్చ మాత్రం మిగిలింది. రంగు సరిగా జాడించని వారిది సగం తప్పు, నానబెట్టకూడదని ముందుగా చెప్పని నాది సగం. కోడలిది ఏముంది చెప్పండి? ఈ శ్రావణ శుక్రవారం ఆ చీర తనకే ఇచ్చాను. మచ్చ కనిపించకుండా కుచ్చిళ్ళు నేనే సర్దాను.