కారు నాడి పట్టండి!

'నిన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి మొరాయించింది' అంటుంటారు చాలామంది. నిజానికి కారు చెప్పాపెట్టకుండా ఆగిపోవడం తక్కువే. ముందుగా చప్పుడు చేస్తుంది, రంగు పొగ వదులుతుంది, నేలమీద చుక్కలు రాలుస్తుంది. రిపేరు సంగతి మెకానిక్‌ చూసుకుంటాడు. ఏ లోపం రేపటిదాకా ఆగుతుందో, ఏది ఆగదో ఇంటి దగ్గరే తెలుసుకోగలిగితే డబ్బు మిగులుతుంది, ప్రాణానికీ భరోసా.

తాళం తిప్పితే...

'టిక్‌ టిక్‌'మంటుందే తప్ప ఇంజిన్‌ తిరగడం లేదా? హెడ్‌లైట్లు వేసి చూడండి. మసగ్గా వెలిగితే బ్యాటరీ నీరసించినట్టే. లైట్లు బాగానే ఉంటే స్టార్టర్‌ మోటారును అనుమానించాలి. ఇంజిన్‌ తిరుగుతున్నా అందుకోకపోతే ఇంధనం చేరడం లేదు, లేదా పెట్రోలు కారైతే స్పార్క్‌ రావడం లేదు.

కొత్త బ్యాటరీ కొనేముందు మల్టీమీటర్‌తో ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్‌ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో అది 13.5 నుంచి 14.5 దాకా పెరుగుతుంది. పెరగలేదంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, దాన్ని ఛార్జ్‌ చేసే ఆల్టర్నేటర్‌ది కావచ్చు. ఈ పరీక్ష చేసేటప్పుడు చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా తిరిగే బెల్టుకు దూరంగా ఉండాలి.

అట్టముక్క చెప్పే నిజం

రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి, పొద్దున్నే తీసి చూడండి. ఏసీ వేసి నడిపిన కారు నుంచి నీటి చుక్కలు పడితే కంగారు అక్కర్లేదు. నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజిన్‌ ఆయిల్‌. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్‌. అది తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు, పిల్లులు నాకకముందే కడిగేయాలి. చక్రం దగ్గర లేత పసుపు రంగులో పల్చగా, జారుడుగా కనిపిస్తే బ్రేక్‌ ఆయిల్‌ కావచ్చు. అలాంటప్పుడు కారు తీయనే కూడదు.

పొగ రంగేమిటి?

చలికాలం ఉదయం కాసేపు కనిపించి మాయమయ్యే తెల్లటి ఆవిరి మామూలే. నీలంగా వస్తే ఇంజిన్‌ ఆయిల్‌ మండుతోందని అర్థం. నల్లగా వస్తే ఇంధనం సరిగా కాలడం లేదు, ముందు ఎయిర్‌ ఫిల్టర్‌ చూడాలి. వేడెక్కాక కూడా తెల్లపొగ దట్టంగా వస్తూ కూలెంట్‌ తగ్గుతుంటే హెడ్‌ గాస్కెట్‌ దెబ్బతిని ఉండొచ్చు. ఆలస్యం చేసేకొద్దీ ఖర్చు ఇంజిన్‌దాకా పోతుంది.

ఇక్కడ ఆగాల్సిందే

బ్రేకు వేసినప్పుడల్లా 'కీచు'మంటుంటే ప్యాడ్లు అరిగి ఉండొచ్చు, త్వరగా చూపించాలి. ఇనుము ఇనుముతో రాసుకుంటున్నట్టు గరగరలాడినా, పెడల్‌ మెత్తగా కిందిదాకా దిగిపోయినా ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోవాలి.

ఎండాకాలం ప్రయాణంలో టెంపరేచర్‌ ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే ఏసీ ఆపి, కారు పక్కకు తీసి, ఇంజిన్‌ కట్టేయాలి. వేడిమీద రేడియేటర్‌ మూత తీశారో, లోపలి ఒత్తిడికి మరిగే నీళ్లు మొహంమీదకి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, పూర్తిగా చల్లబడ్డాకే మూత ముట్టుకోవాలి. ఇంజిన్‌ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్‌ దానంతటదే తిరుగుతుంది, చేతులు జాగ్రత్త!

మెకానిక్‌కి ఏం చెప్పాలి?

'ఏదో సౌండొస్తోంది' అంటే ఆయన అన్నీ విప్పి చూడాలి. చప్పుడు చల్లటి ఇంజిన్‌లో వస్తోందా, వేడెక్కాకా? ఏ స్పీడులో? ఎటు తిప్పితే? ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి తీసుకెళ్తే సగం పని అయినట్టే. అక్కర్లేని పార్టులు మార్పించుకునే బాధా తప్పుతుంది.